తిరగబడిన గట్టు

డాక్టర్ లీలాండ్ ప్రూయిట్ రాళ్ల చదువు చదివినవాడు. రెండు వేసవులుగా సౌత్ డకోటాలో ఆర్లీన్ హాగెన్ గొడ్ల మేత భూమిలో సుత్తి పట్టుకుని తిరుగుతున్నాడు. అక్కడొక గట్టులో అడుగున ఉండాల్సిన పాతకాలపు ఆల్చిప్పలు పైన, పైన ఉండాల్సినవి అడుగున కనిపించాయి. ఇంకేముంది, ఏడు కోట్ల ఏళ్ల నాటి సముద్రపు నేల మడతపడి ఇక్కడ బోర్లా పడిందని నూట ఇరవై పేజీలు రాసేశాడు. సోమవారం యూనివర్సిటీ పెద్దలు వాటిని మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటిదారే.

"నేల దానంతటది బోర్లా పడలేదయ్యా, మా మామగారు పడేశాడు," అంది ఆర్లీన్, మొదటి రోజు చెప్పినట్టే. "గొడ్ల నీళ్లకి గుంట తవ్వించి, ఆ మట్టి ఇక్కడ పోయించాడు. ముందు తీసిన పైమట్టి అడుగున పడింది, తర్వాత తీసిన అడుగుమట్టి పైన పడింది."

"మేడమ్, ఇవి చదువుకున్నవాళ్లు తేల్చే సంగతులు," అన్నాడాయన జాలిగా.

"నిజమేలే, మా ఆవులు కూడా నా మాట వినవు," అంటూ ఆమె పార తెచ్చి, అడుగు ఆల్చిప్పల కింద జానెడు లోతు తవ్వింది. తుప్పు పట్టిన కాఫీ డబ్బా ఒకటి బయటపడింది.

"ఏడు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి ఆల్చిప్పలు కాఫీ తాగేవని కూడా రాసుకోండి, డాక్టరు గారూ."

ఆయన డబ్బాని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ పూడ్చేస్తాడేమో అనుకుంది ఆర్లీన్. ఆయన మాత్రం తన మడత కుర్చీ దులిపి, రెండేళ్లలో మొదటిసారి ఆమెకి వేశాడు.

"మీ మామగారు ఆ గుంట ఏ ఏడు తవ్వించారండీ?" అని అడిగి, నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాడు.