పదిహేడో భాగంలో కుంటినవాడు

ఆ ఆదివారం ఈత మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు రెండుసార్లు నిలబడ్డాడు. పొద్దున కొలనులో పిల్లలకు పాఠం చెప్పి వచ్చాడేమో, ఒంటికి క్లోరిన్ వాసన ఇంకా వదల్లేదు.

"కాస్త సెంటు రాసుకో నాన్నా. స్టేజి ఎక్కే మనిషివి," అంది కూతురు. ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. తండ్రికి చప్పట్లు కొడుతుంటే చూడాలని ఆ రోజు డ్యూటీ మార్చుకుంది.

ముప్పై ఏళ్ళ కిందట 'నీలిరెక్క' అని ఒక సీరియల్ వారం వారం వచ్చేది. పగలు గడియారాలు బాగుచేసుకునే కుర్రాడు, ఎవరికైనా ఆపద వస్తే ముసుగు తగిలించుకుని గాల్లోకి లేచేవాడు. ముసుగు లేనప్పుడు కనిపించేది హీరో. ముసుగు వేసుకుని మంటల్లో దూకింది, కిటికీ అద్దాలు పగలగొట్టుకుని వచ్చింది ఈత మాస్టారు. అప్పట్లో ఆయన డూప్. నూరు భాగాల్లో ఒక్కదాంట్లోనూ ఆయన పేరు తెర మీద పడలేదు.

ఇన్నాళ్ళకు అభిమానులు లైబ్రరీ హాల్లో సభ పెట్టుకున్నారు. హీరో స్వయంగా ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ముందు వరసలో కూర్చో. ముసుగులో ఉన్నది నువ్వేనని నా నోటితో చెప్పి పిలుస్తా." ఆ మాట విన్న రోజు నుంచి మాస్టారికి కాలు నేల మీద నిలవలేదు.

హాలు కిక్కిరిసింది. లెక్కల టీచరొకావిడ లావుపాటి నోటుబుక్కుతో మైకు ముందుకు వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ సీరియల్లో తప్పులు ఏరి రాసుకోవడం ఆవిడ సరదా.

"నదిలో మునిగి పైకి వస్తాడు, జుట్టు మాత్రం తడవదు. ఎగరడం వచ్చిన మనిషి మూడో అంతస్తుకి వెళ్ళడానికి లిఫ్టు కోసం నిలబడతాడు. కళ్ళకి జానెడు గుడ్డ కట్టుకుంటే సొంత చెల్లెలే పోల్చుకోలేదు. ఆ పిల్లకి కళ్ళజోడు రాయించేవాళ్ళే లేకపోయారు పాపం!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ఆ తడవని జుట్టు విగ్గని ఆయనకు తెలుసు.

"ఇది మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదండీ," అని టీచరు హీరో వైపు తిరిగింది. "గడియారాలు కుడిచేత్తో బాగుచేస్తారు. ముసుగు పడగానే ఎడమచేత్తో కొడతారు. ఎందుకని?"

మాస్టారిది ఎడమచేతివాటం. కూతురు తండ్రి మోచేతిని పొడిచింది. మాస్టారు చొక్కా సర్దుకుని కుర్చీలోంచి సగం లేచాడు.

హీరో ఆయన్ని చూశాడు. చూసి, చూపు హాలు చివరికి మళ్ళించాడు.

"మంచి ప్రశ్నమ్మా. ముసుగు వేసుకుంటే మనిషి మారిపోవాలి కదా. అందుకని ఎడమచేయి వాడటం మూడు నెలలు సాధన చేశాను. నటుడన్నాక ఆమాత్రం కష్టపడాలి."

చప్పట్లు మారుమోగాయి. మాస్టారు నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు. పొరపాటున అన్నాడేమో, ఇప్పుడు సర్దుకుంటాడులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

"మరి పదిహేడో భాగం?" అంది టీచరు. "నీళ్ళ ట్యాంకు మీంచి దూకి, ఒక్క షాట్‌లో కుంటుతారు. మరుక్షణం మెట్లు దబదబా ఎక్కేస్తారు. ఆ కుంటు ఎక్కడికి పోయింది?"

హాలంతా మళ్ళీ నవ్వు. హీరో కూడా నవ్వేశాడు. "అది నా ఆలోచనే. వీరుడికీ నొప్పి ఉంటుందని చూపిద్దామనుకున్నా. ఎడిటింగులో తక్కినదంతా ఎగరగొట్టారు."

మాస్టారి తుంటిలో ఏదో కలుక్కుమంది. ఆ రోజు ట్యాంకు కింద పరుపు రెండడుగులు పక్కకి వేశారు. పడ్డాక లేచి నడిచిన ఆ ఆరడుగులే కెమెరాకు చిక్కాయి. తరవాత హీరోయే కారులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు. దారి పొడవునా బతిమాలాడు. "షూటింగులో దెబ్బ తగిలిందని పొక్కితే సీరియల్ ఆపేస్తారు తమ్ముడూ. అందరి నోట్లో మట్టి పడుతుంది. ఇంటి మెట్ల మీద జారానని చెప్పు. నీ రుణం ఎప్పటికైనా తీర్చుకుంటా." మాస్టారు అలాగే చెప్పాడు. ఆ తుంటి ఎముక అతుక్కోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

సభ అయిపోయింది. స్టేజి మీదకు ఆయన్ని ఎవరూ పిలవలేదు. మాస్టారు వెనక గదిలోకి వెళ్ళాడు. హీరో ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"చెప్తానన్నావు కదన్నా."

"చెప్దామనే వచ్చా తమ్ముడూ. ఆ మొహాలు చూశావుగా? ముప్పై ఏళ్ళు నమ్ముకున్న జనం. వాళ్ళని ఇప్పుడు ఏడిపించడం దేనికి?"

"ఎడమచేయి పోతే పోయింది. ఆ కుంటు కూడా నీదేనన్నావే!"

హీరో కప్పు కింద పెట్టాడు. ఆయన మొహంలో కపటం లేదు, ఇబ్బంది మాత్రమే ఉంది. "అన్నిసార్లు చూశాను దాన్ని. ఎంతమందికో చెప్పాను. నిజం చెప్పనా? దూకింది నేనే అన్నట్టు గుర్తుంది నాకు. పోనీ, కొత్త సీరియల్ ఒకటి తీస్తున్నారు, నీకో తాత వేషం ఇప్పిస్తా."

తిట్టడానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాడు మాస్టారు. అబద్ధమాడేవాణ్ణి నిలదీయొచ్చు. నిజంగానే మరిచిపోయినవాణ్ణి ఏమని అడుగుతాం?

"నీ రుణమేదో తీరుస్తానన్నావు ఆ రోజు కారులో. నేను మాత్రం మెట్ల మీద జారానని మా ఆవిడకి కూడా అబద్ధం చెప్పాను," అన్నాడు చివరికి.

గుమ్మంలో అలికిడైంది. తండ్రి ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ వచ్చిన కూతురు అక్కడ నిలబడి ఉంది.

బస్టాపు దాకా ఆమె నాలుగడుగులు ముందే నడిచింది. అక్కడ కూడా దూరంగానే నిలబడింది.

"ఆ రోజు మెట్లు కడిగింది అమ్మ," అంది.

"తెలుసమ్మా."

"తడి తుడవకుండా వదిలేశానని, నీ కాలు తనే విరగ్గొట్టానని పోయేదాకా కుమిలింది. నువ్వు కొంచెం కుంటితే చాలు, వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది. నీకు తెలియదా?"

"ఆయనకి మాట ఇచ్చాను..."

"అమ్మకి ఏమీ ఇవ్వలేదా?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. ఆయన ఎక్కలేదు.

రెండు ఆదివారాలు కూతురు రాలేదు, ఫోన్ చేసినా ఎత్తలేదు. ఈలోగా తాత వేషం గురించి హీరో ఫోన్ చేశాడు. "నాకు పిల్లల క్లాసు ఉంది," అని మాస్టారు పెట్టేశాడు. అన్నా అని పిలవలేదు.

మూడో వారం కొలను మూసే వేళకు కూతురు వచ్చి, చెప్పులు విప్పి గట్టు మీద కూర్చుంది. తండ్రి మొహం చూడకుండానే అడిగింది.

"ట్యాంకు ఎంత ఎత్తు?"

"రెండంతస్తులు."

"పడ్డాక ఏమైంది? మొదటి నుంచీ చెప్పు. ఈసారి ఏదీ దాచకు."

ఆయన చెప్పాడు. పరుపు సంగతి, కారు సంగతి, మెట్ల దగ్గర మెల్లగా కూలబడి భార్యను కేకేసిన సంగతి. ఆవిడ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి "అయ్యో, నా వల్లే" అన్నప్పుడు తను నోరు మూసుకున్న సంగతి దగ్గర ఆపి, పక్కనున్న తువ్వాలు మడతపెట్టసాగాడు. కూతురు ఆగింది. ఆయన తువ్వాలు పక్కన పెట్టి అదీ చెప్పేదాకా కదలకుండా కూర్చుంది.