ఇంకో సెలైన్

గున్వోర్ జుట్టు దువ్వడం నా పని. పొద్దున్నే ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, తల దువ్వడం అన్నీ మా వార్డు నర్సులు చేసేవే. కానీ ఆమె భర్త తోర్లైఫ్ వచ్చి కూర్చున్న రోజు నుంచీ దువ్వెన నా చేతికి రానివ్వలేదు. బతుకంతా చేపల పడవ మీద గడిపిన మనిషి, ఆ మొద్దు వేళ్ళతో మిగిలిన నాలుగు వెంట్రుకలనూ చిక్కు తగలకుండా దువ్వేవాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుంటే వదిలేవాడు కాదు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి రేపో మాపో అన్నట్టున్న ఆడమనిషిని చూసి నేను కుళ్ళుకున్నాను.

నాకు గర్భసంచి తీసేసింది కూడా ఈ ఆసుపత్రిలోనే. మా ఆయన ఆర్విద్ ఒక్కసారి వచ్చాడు, కోటు కూడా విప్పలేదు. "నువ్వు పనిచేసే చోటే కదా తూరిడ్, అందరూ నీవాళ్ళే. నేనుండి చేసేదేముంది?" అన్నాడు. సాయంత్రం ఫోన్ మోగితే ఎలా ఉన్నానో అడగడానికేమో అనుకున్నాను. చేప ఉండలు ఫ్రీజర్‌లో ఏ అరలో ఉన్నాయని అడిగాడు. కుట్లు అదిమిపట్టుకుని అదీ చెప్పాను, బంగాళాదుంపలు ఎంతసేపు ఉడకాలో కూడా చెప్పాను.

ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టర్ సోల్‌బర్గ్ చెప్పేసింది. తోర్లైఫ్ వినలేదు. "ఇంకో సెలైన్ పెట్టండి! ఇంకో మందు చూడండి! నేనొప్పుకోను!" అంటూ వరండాలో భోరుమన్నాడు. డాక్టర్ మెత్తబడింది. ఎక్కించిన నీళ్ళు ఇమడక గున్వోర్ కాళ్ళు ఉబ్బిపోయాయి, ఊపిరి గురగురలాడింది. గొట్టం దించి కఫం లాగుతుంటే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారేవి. "బతికిస్తున్నామా మనం? చావుని సాగదీస్తున్నాం," అంది తోటి నర్సు హెర్దిస్, చేతి తొడుగులు బుట్టలోకి విసిరికొడుతూ. నర్సులందరిదీ అదే మాట. నేనొక్కదాన్నే నోరు మెదపలేదు. ఒక మగవాడు ఒక ఆడదాన్ని పోనివ్వనంటున్నాడు. ఆ దృశ్యం ఇంకొన్నాళ్ళు నా కళ్ళముందు ఉండాలనిపించింది. ఆ సెలైన్ నాకోసమే ఎక్కుతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం తోర్లైఫ్ కాఫీకి కిందికి వెళ్ళాడు. పెదవులు తడుపుతుంటే గున్వోర్ నా మణికట్టు పట్టుకుంది.

"పక్క మంచం మీద ఉండేదే, బోర్గిల్... పోయిందా?"

"పోయారండీ."

"నిద్దట్లోనేనా?"

"నిద్దట్లోనే."

"అదృష్టవంతురాలు. దాన్ని తలుచుకుంటే కుళ్ళొస్తోంది సిస్టర్."

నాకు ఒళ్ళు మండింది. "మీకేం తక్కువండీ? అంత ప్రేమగా చూసుకునే మనిషి ఉంటే!" అన్నాను. నా గొంతులోని అక్కసు నాకే వినిపించింది.

"ప్రేమే, కాదన్నానా? నలభై ఏళ్ళూ నన్ను అడక్కుండానే ప్రేమించాడు. పడవకి నా పేరు పెట్టాడు. పడవెక్కితే నాకు వాంతులు." ఊపిరి కూడదీసుకుని సెలైన్ వైపు చూసింది. "ఇదీ అడగలేదు."

"వద్దని మీరే చెప్పండి మరి."

"చెప్తే ఏడుస్తాడు. ఏడిస్తే నేనేగా ఓదార్చాలి? నా వల్ల కాదమ్మాయ్, ఓపిక అయిపోయింది."

అలా మంచాన పడి కూడా ఆమె ఇంకా సంసారం చేస్తూనే ఉంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు డాక్టర్ వార్డులోకి రాగానే ఎదురెళ్ళాను. "ఆవిణ్ణి అడగండి డాక్టర్. ఆయన్ని బయట కూర్చోబెట్టి అడగండి."

సోల్‌బర్గ్ నా మొహంలోకి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని గున్వోర్ పక్కన కూర్చుని అడిగింది. గున్వోర్ ఒక్కటే మాట అంది.

"చాలు."

సెలైన్ సూది నేనే తీశాను. నొప్పి తెలియకుండా మార్ఫిన్ మాత్రం ఉంచాం. వరండాలో తోర్లైఫ్ నా మీద విరుచుకుపడ్డాడు. "నువ్వేగా నూరిపోసింది! మీకు చావులు చూడ్డం అలవాటైపోయింది. నాకున్నది అది ఒక్కతే!" అంటూ గోడకానుకుని ఏడ్చాడు. అలవాటుగా నా చెయ్యి ఆయన వీపు మీదికి వెళ్ళబోయింది. ఆపుకున్నాను.

"లోపలికెళ్ళి, ఏం కావాలో ఆమెనే అడగండి," అన్నాను.

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె కిటికీ తెరవమందట, సముద్రం వైపుది కాదు, కొండ వైపుది. రెండు రోజుల తర్వాత, గురగురలు లేకుండా, నిద్దట్లోనే పోయింది.

ఆ సాయంత్రం వంట చేస్తూ ఆర్విద్‌కి ఇదంతా చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టాడు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకలాంటిదొస్తే మాత్రం నేనొప్పుకోను తూరిడ్. ఎన్ని గొట్టాలైనా పెట్టిస్తాను. నిన్ను పోనివ్వను."

పెళ్ళయినప్పటి నుంచీ ఎదురుచూసిన మాట. వెన్నులో చలి పుట్టింది.

అన్నం తిన్నాక అక్కకి ఫోన్ చేశాను. "రేపెప్పుడైనా నేను మాట్లాడలేని పరిస్థితి వస్తే, ఆసుపత్రివాళ్ళు అడగాల్సింది నిన్నే అని చెప్పబోతున్నానక్కా."

"అదేంటే, ఆర్విద్ ఉన్నాడుగా?"

"ఉన్నాడక్కా. నన్ను పోనివ్వడట."