ఎక్స్‌రే గది మలుపు

పెళ్ళయి నెల తిరక్కుండానే, జీతం తీసుకుంటూ, మొగుడితో పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడే యోగం ఎంతమందికి పడుతుంది? ఆ ఇంజనీరమ్మాయికి పట్టింది.

కొత్త ఆసుపత్రిలో ఆ వార్డు పైకప్పుకు వైఫై డబ్బాలు బిగించడం ముందురోజే పూర్తయింది. నర్సులు డాక్టర్లను ఫోన్లో పిలిచేది ఇక వాటి మీదే. వార్డు అప్పగించేలోపు ఎక్కడా మాట తెగడం లేదని ఆమె నడిచి చూసి చెప్పాలి. అవతలివాళ్ళు ఊరుకుంటే మాట తెగిందో లేదో తెలియదు కనుక, ఎడతెరిపి లేకుండా వాగే మనిషి కావాలి. ఇంట్లో సెలవు మీదున్న మొగుణ్ణి మించినవాడు ఆమెకు తోచలేదు. అతను కొత్త మిక్సీతో వచ్చిన పుస్తకాన్ని గంభీరంగా, వార్తలు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు.

ఆమె పైనున్న సూపర్వైజరు పద్ధతి వేరు. ప్రతి డబ్బా కిందా నిలబడి, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తే తలూపి కదిలేవాడు. నర్సులు అలా నిలబడి మాట్లాడతారా? స్ట్రెచరు తోస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పరిగెడతారు. ఆమె కూడా ఓ ఖాళీ స్ట్రెచరు సంపాదించి, మెడ వంచి ఫోను ఇరికించుకుని, చకచకా తోసుకుపోయింది. కొత్త చక్రాలు, నున్నటి నేల. ఒళ్ళు తేలిపోతున్నట్టుగా ఉంది.

ఎక్స్‌రే గది మలుపులో మొగుడి గొంతు ఠక్కున ఆగిపోయింది. మలుపు దాటాక మళ్ళీ వచ్చింది. వెనక్కి తెచ్చి ఇంకోసారి తోసినా అంతే. ఆ గది గోడలో, ఎక్స్‌రే కిరణాలు బయటికి రాకుండా వేసిన సీసపు రేకు ఉంది; అది వైఫైనీ ఆపేస్తుంది. మలుపు తిరిగేదాకా అవతలి డబ్బా ఫోనుకు అందదు, తిరిగేసరికి ఇవతలిది జారిపోతుంది. ఆమె సంచిలోంచి ఎర్ర టేపు తీసి, మాట తెగిన చోట నేలకు అతికించింది.

సూపర్వైజరు వచ్చి పీకెయ్యమన్నాడు. సాయంత్రం పెద్ద సిస్టరు వార్డు చూసుకోవడానికి వస్తుందనీ, మలుపుకు రెండు పక్కలా గీతలు నిండుగా ఉన్నాయనీ, ఫోన్లో వీడియో బొమ్మలు కూడా బ్రహ్మాండంగా వస్తున్నాయనీ అన్నాడు.

“బొమ్మ కాసేపాగి వచ్చినా బొమ్మే సార్. మాట ఆగితే, డాక్టరుగారు ఏ మందు ఇవ్వమన్నారో ఎవరు చెప్తారు?”

“కొత్త పెళ్ళికూతురివి. పని తెమిల్చేసి హాయిగా ఇంటికి పోక నీకెందుకమ్మాయ్ ఇదంతా?”

పోవాలని ఆమెకు మాత్రం లేదా? ఫోన్లో మిక్సీ మూత గురించి చెబుతున్న మనిషి మీదకు మనసు లాగేస్తూనే ఉంది. అయినా కదల్లేదు. ఆయన వంగి టేపు పీకేశాడు. ఆమె ఇంకో ముక్క చింపి అక్కడే అంటించింది. మళ్ళీ పీకాడు. మళ్ళీ అంటించింది. టేపు చుట్ట ఇంకా లావుగానే ఉంది, ఆయన నడుమే పట్టేసింది. నడుము పట్టుకుని నిలబడి, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు.

ఈ ఉద్యోగం చూసుకునే ఆలుమగలిద్దరూ ధైర్యంగా కొత్త ఇంట్లో దిగారు. మొగుడు అంతా విన్నట్టున్నాడు, చదవడం ఆపి ఏమైందని అడిగాడు. ఆపొద్దని మాత్రం చెప్పింది.

పెద్ద సిస్టరు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. నేలమీది ఎర్ర గీత చూసి అదేమిటని అడిగింది. సూపర్వైజరు రంగులవాళ్ళ మీదకు నెట్టబోయాడు.

“ఇక్కడ ఫోను తెగుతుందండీ,” అంది ఆమె, ఆయన మాట పూర్తి కాకుండానే. “మీరే తోసి చూడండి.”

సిస్టరు ఆమె ఫోను అందుకుని భుజాన ఇరికించుకుని, స్ట్రెచరు పట్టుకుని, నర్సులందరిలాగే విసురుగా మలుపు తిరిగింది. టేపు మీదకు రాగానే మాట తెగడంతో ఆగింది. ఫోను తీసి ఆమె చేతికిచ్చింది.

“ఇది బాగయ్యేదాకా నా నర్సు పిల్లల్ని ఈ వార్డులో దించను,” అని సూపర్వైజరుకు చెప్పి వెళ్ళిపోయింది.

ఆయన పళ్ళు నూరుకుంటూ ఫిట్టర్లను పిలిచాడు. డబ్బా మలుపులోకి జరపమన్నాడు. ఆమె వైపు తిరిగి, రేపటి సంగతి గుర్తుందిగా అన్నాడు.

“రేపటిది రేపు చూద్దాం సార్. ఇవాళ డబ్బా జరిపాక మళ్ళీ నడిచేది నేనే,” అంటూ ఆమె ఫిట్టరు ఎక్కబోతున్న నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.