మేపుల్ మొక్కకు లైనింగు

ఆ రోజు ఇంట్లో గొడవ టీ వడగట్టే జల్లెడ దగ్గర మొదలైంది.

పొయ్యి మీద టీ పొంగుకొస్తోంది. జల్లెడ చూస్తే దాని మేకుకు లేదు. కోడలు గిన్నెల బుట్ట బోర్లించి చూసింది, సింకులో చూసింది, ఎందుకైనా మంచిదని ఫ్రిజ్జులో కూడా చూసింది. ఆఖరికి వెనక తలుపు తీస్తే, మామగారు పెరట్లో స్టూలు వేసుకుని కూర్చుని దాంతో మట్టి జల్లిస్తున్నారు.

"మామయ్యగారూ, అది టీ వడగట్టేది."

"తెలుసమ్మా. పిండి జల్లెడ ముట్టుకుంటే నువ్వు ఊరుకోవని దీన్ని తెచ్చుకున్నాను."

"దీన్ని ముట్టుకుంటే ఊరుకుంటానని ఎవరు చెప్పారు?"

"కడిగి ఇస్తాలే."

"కడిగినా అందులో నేను టీ పొయ్యను."

"పొయ్యకు. పొడి కప్పు అడుక్కి దిగిందాకా ఆగి తాగితే సరి."

భర్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అక్కడ రోజంతా జనాన్ని కూర్చోబెట్టి, ఈ అద్దం బాగుందా ఆ అద్దం బాగుందా అని గుచ్చి గుచ్చి అడిగే మనిషి, ఇంట్లో ఎవరైనా తీర్పు చెప్పమంటే మాత్రం రెండూ ఒకలాగే ఉన్నాయని తప్పుకుంటాడు. ఆ రోజూ అదే అన్నాడు.

"కొత్తది కొనుక్కుంటే పోయేదానికి ఎందుకింత రభస?" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

"ఉన్నదుండగా కొత్తదెందుకు?" అని మామా కోడలూ ఒక్కసారే ఆ పిల్ల మీద పడ్డారు. దాంతో గొడవ ఎటూ తేలకుండానే చల్లారింది. ఆ పూట నలుగురూ టీ పొడిని పళ్ళ మధ్య ఆపుకుంటూ తాగారు.

ఆయన జల్లించిన మట్టి మేపుల్ కుండీలోకి. ఆ మాటకొస్తే, మేపుల్‌కి కూడా కాదు, దాని పక్కన లేచిన పచ్చ మొక్కకి.

ఆ జపాన్ మేపుల్ కోడలిది. వంటింటి వెనక తలుపుకీ ప్రహరీ గోడకీ మధ్య, బట్టల తీగ, కొళాయి, గిన్నెలు తోమే గట్టు పోగా మిగిలిన కాస్త జాగాలో పెద్ద మట్టికుండీ పెట్టి పెంచింది. తెచ్చినప్పుడు చిటికెన వేలంత ఉంది. ఆకు చూస్తే ఆకులా ఉండదు. ఎర్రటి దారంతో లేసు అల్లి కొమ్మకి ఆరేసినట్టు ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ తగిలితే చాలు, ఆ లేసు అంచులు కమిలిపోతాయి. అందుకని పాత కిటికీ తెర ఒకటి తీగకు వేలాడదీసి, ఎండ మళ్ళినప్పుడల్లా దాన్ని జరుపుతూ ఉండేది. వేళ్ళకి నీళ్ళు కావాలి గాని నిలవకూడదు. కుండీ అడుగు చిల్లు మూసుకుపోకుండా పుల్ల పెట్టి పొడిచేది. పెళ్ళయిన కొత్తలో ఎవరింటి ముందో ఆ చెట్టును చూసి, రోడ్డు మీద నిలబడిపోయి, భర్త చేత చివాట్లు తిన్నది మొదలు ఆమె మనసులో అది ఉండిపోయింది. పెళ్ళయ్యాక తనకంటూ అడిగి తెచ్చుకున్నది ఆ ఇంట్లో ఏదైనా ఉందంటే ఆ చెట్టే.

కొన్నప్పుడు నర్సరీ ఆవిడ ఒక మాట చెప్పింది. "ఇది అంటుమొక్క. కిందది మామూలు పచ్చాకు మేపుల్ వేరు. పైన కట్టింది ఈ ఎర్రది. ఇదుగో, ఈ బుడిపె దగ్గర రెండూ కలిశాయి. ఈ బుడిపె ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. దాని కిందనుంచి ఏది మొలిచినా జాలిపడకుండా గిల్లెయ్యండి." కోడలు అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. మొక్క నడుం ఎత్తుకు వచ్చింది.

రెండేళ్ళ కిందట తన చెల్లెలికి ఆపరేషన్ అయితే కోడలు సాయానికని వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి కుండీలో కొత్త మట్టి, పైన తెల్లటి గులకరాళ్ళు. పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశారు మామగారు. ఆమెకు ముచ్చటేసింది. "ఎంత బాగుందో మామయ్యగారూ" అని మెచ్చుకుంది కూడా. మొక్క కాస్త పొట్టిదైనట్టు అనిపించింది గాని, కళ్ళకు అలవాటు తప్పి అలా ఉందేమో అనుకుంది.

ఆ తరవాత చలికాలంలో ఆకులు రాల్చి, మళ్ళీ చిగురుపెట్టే వేళకి, రాళ్ళ సందులోంచి ఒక పచ్చటి మొలక లేచింది. ముందు చూసింది మామగారే. విత్తనం ఏదో గాలికి వచ్చి పడిందన్నారు. పనిగట్టుకుని కర్ర పాతారు. పట్టుదారంతో కట్టారు. టేపు మెడలో వేసుకుని రోజూ పొద్దున్నే దాని పొడుగు కొలిచేవారు.

"తాతయ్యా, దానికి సూటు కుడుతున్నావా?" అనేది మనవరాలు.

"కాలరు దగ్గరే తేలడం లేదు. మెడ నిలబడితేగా."

ఆయన దర్జీ. చెయ్యి వణకడం మొదలై సూదిలో దారం ఎక్కకపోవడంతో దుకాణం కట్టేశారు. కట్టేసిన దగ్గర్నుంచీ ముందు గదిలో గోడకేసి ఉన్న కుర్చీలో కూర్చుని, ఏం అడిగినా 'ఊ' అనేవారు. అన్నం పెట్టనా అంటే ఊ. వద్దా అంటే ఊ. ఆ 'ఊ' వినలేక కొడుకు రేడియో తెచ్చి పెట్టాడు. దానికీ ఊ కొట్టేవారు. అలాంటి మనిషి ఈ పచ్చ మొలక పుణ్యమా అని రోజూ పెరట్లోకి రాసాగారు, గొంతు విప్పారు, ఇదిగో, టీ జల్లెడ కోసం కోడలితో తగువు కూడా వేసుకుంటున్నారు. అందుకే ఆమె ఆ మొలక జోలికి పోలేదు. మొదట్లో అనుమానం వచ్చి బుడిపె కోసం చూసింది. కనబడలేదు. కాండం నున్నగా మట్టిలోంచి వచ్చినట్టుంది. విత్తనమేలే అని సర్దిచెప్పుకుంది.

ఇప్పుడా పచ్చది మామగారి భుజం దాటింది. ఎర్రది మాత్రం నానాటికీ చిక్కిపోతోంది. ఈ ఏడు ఆకులు చిట్టివి వచ్చాయి, ఒక పక్క కొమ్మ పుల్లలా ఎండింది. ఎండ కాదు, నీళ్ళు కాదు, పురుగు కాదు.

భర్తా కూతురూ వెళ్ళాక, మామగారు స్నానానికి లేవడం చూసి, కోడలు అన్నం హస్తం పట్టుకుని కుండీ దగ్గర గొంతుక్కూర్చుంది. గులకరాళ్ళు పక్కకు తీసి మట్టి తోడింది. నాలుగు వేళ్ళ లోతుకు దిగేసరికి హస్తానికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే గుడ్డ. కోటు లోపల వేసే లైనింగు గుడ్డ. కాండానికి బిగుతుగా చుట్టి, అంచు మడిచి, సన్నటి హెమ్మింగు కుట్టు కుట్టి ఉంది. ఒకటి రెండు కుట్లు వణికి పక్కకు పోయాయి గాని దారం కొస ఎక్కడుందో కనబడదు. ఆ గుడ్డ విప్పితే బుడిపె. బుడిపె కిందినుంచి, అదే కాండం మొదట్లోంచి, బొటనవేలంత లావున పచ్చ కొమ్మ.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తరవాత ఎండిన కొమ్మ కేసి చూస్తే నవ్వు పోయింది.

"ఏం తవ్వుతున్నావమ్మా?" వెనక నుంచి మామగారు. తలమీంచి నీళ్ళు కారుతున్నాయి, తువ్వాలు భుజాన ఉంది.

ఆమె గుడ్డ చూపించింది. ఆయన మొహాన తప్పు చేసిన ఛాయలేం లేవు.

"నువ్వు ఊరెళ్ళినప్పుడు వేశాను. అంత మంచి చెట్టు, కాండం మీద అంత వికారమైన అతుకు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. అతుకు బయటికి కనిపిస్తే కుట్టినవాడి పరువేం కావాలి? అందుకని గుడ్డ వేసి మట్టి కప్పాను. చెయ్యి సహకరించలేదు గాని, ఇంకా బాగా కుట్టేవాణ్ణి."

"కుట్టు బాగానే ఉంది మామయ్యగారూ."

"మరి విప్పావేం?"

కోడలు ఎలా చెప్పాలో తెలియక ఆయన భాషలోకే వెళ్ళింది. "ఇది రెండు తానులు కలిపి కుట్టిన చెట్టు. పైది ఎర్రది, కింద వేరు వేరే జాతిది, పచ్చది. కిందది పైదాన్ని మోయడానికే. అతుకు మట్టిలో పడేసరికి కిందది సొంతంగా కొమ్మ వేసింది. అది బలమైంది. వేరు పీల్చినదంతా ముందు అదే లాక్కుంటోంది."

ఆయన వంగి చాలాసేపు చూశారు. "అంటే నా విత్తనం విత్తనం కాదు."

"కాదు."

"లైనింగు బయటికొచ్చి కోటునయ్యానంటోంది అన్నమాట." తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "ఇప్పుడేం చెయ్యాలంటావు?"

"కొమ్మకి చెట్టు మీదే వేళ్ళు పుట్టించి, అవి ఊనుకున్నాక విడదీసి వేరే కుండీలో పెట్టొచ్చు. కానీ దానికి వేసవంతా పడుతుంది."

"అందాకా ఎర్రది ఆగుతుందా?"

అబద్ధం చెబితే ఆయన తేలిగ్గా నమ్ముతారని ఆమెకు తెలుసు. "ఆగదనుకుంటాను. బతకాలంటే పచ్చదాన్ని ఇప్పుడే మొదలంటా తీసెయ్యాలి."

"ఊ," అన్నారాయన.

ఆయన తువ్వాలు తీగ మీద ఆరేసి, ముందు గదిలోకి వెళ్ళి, ఆ పాత కుర్చీలో గోడకేసి కూర్చున్నారు. పొమ్మన్నట్టు చెయ్యూపలేదు, కోపమూ చూపించలేదు. అదే ఆమెకు బెంగ. చెట్టు తనది. కత్తెర పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండడుగులు వేస్తే పని అయిపోతుంది. కానీ ఆ కొమ్మతో పాటు ఆ మనిషి మళ్ళీ ఆ కుర్చీకి అంటుకుపోతే, ఆ లేసాకుల కింద తను ఏ మొహం పెట్టుకుని నీళ్ళు పొయ్యాలి?

మధ్యాహ్నం భర్త భోజనానికి వస్తే సంగతంతా చెప్పింది. ఆయన అద్దాలు తీసి తుడిచాడు.

"మరి ఏది ఉంచుదామంటావు?" అన్నాడు.

"మీరేమంటారు?"

"రెండూ..."

"రెండూ ఒకలాగే ఉన్నాయంటే మీకు పెరుగు వెయ్యను."

భర్త నోరు మూసుకుని పెరుగన్నం తిని వెళ్ళిపోయాడు.

ఎండ వాలాక వంటింటి కిటికీలోంచి చూస్తే మామగారు పెరట్లో ఉన్నారు. ఎప్పుడు లేచొచ్చారో. పచ్చ కొమ్మ వైపు తిరగలేదు. ఎర్ర ఆకొకటి అరచేతిలోకి తీసుకుని, కొత్త గుడ్డ నేత చూసినట్టు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. ఒకదాని తరవాత ఒకటి, అలా ఆకులన్నీ చూశారు. ఎండిన కొమ్మ దగ్గర మాత్రం వేలు పెట్టి ఆగిపోయారు.

తరవాత కిటికీ దగ్గరికి వచ్చారు. "అమ్మాయ్, కొమ్మ ముక్కలు చేసి మట్టిలో గుచ్చితే బతుకుతాయా?"

"పచ్చదైతే లేత చివర్లు కొన్ని బతకొచ్చు. అన్నీ కాదు. ఎర్రదానికైతే ఆ ఆశ కూడా లేదు."

"నీడలో పెట్టాలా?"

"నీడ, తడి, పైన ప్లాస్టిక్ కవరు. రోజూ చూసుకునే మనిషి ఉండాలి."

ఆమె కూరలు తరగడంలో పడింది గాని, వంకాయ ముక్కలు ఒకటి లావు ఒకటి సన్నం వచ్చాయి. ఆ ఇంట్లో అలా జరగదు.

ఆ ఇంట్లో దీపాలు పెట్టగానే భోంచేసే అలవాటు. నలుగురూ బల్ల చుట్టూ చేరారు. కూతురు వచ్చీ రాగానే విషయం పసిగట్టింది కాబోలు, తాతయ్య మొహం వంకే చూస్తోంది. భర్త కంచంలో కూర ముక్కలను జరుపుతున్నాడు.

"వంకాయ ఇవాళ రెండు సైజుల్లో ఉందే," అన్నారు మామగారు.

"అవునండీ," అంది కోడలు, ఇంకేం వినాల్సి వస్తుందోనని.

"సరే వినండి. రేపు పొద్దున్నే, ఎండ రాకముందు, పచ్చ కొమ్మ తీసేస్తున్నాం. కోడలు కోస్తుంది. నా చెయ్యి వణుకుతుంది, కాండానికి గాటు పడుతుంది. నేను చెట్టు పట్టుకుంటాను."

"నాన్నా, తొందరేం లేదు..." అన్నాడు కొడుకు.

"ఉంది. నువ్వు రోజూ అద్దాలు అమ్ముతావు గాని, ఆ ఎర్ర కొమ్మ ఎండడం నీ కంటికి ఆనలేదు. నా కంటికీ ఆనలేదనుకో." మజ్జిగ గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. "తీసిన కొమ్మను ముక్కలు చేసి గుచ్చుతాను. గుడ్డ ముక్కైనా పారేసినవాణ్ణి కాదు, ఇది పారేస్తానా. వాటికి చోటు కావాలి. వంటింటి కిటికీ గట్టు నాకిచ్చెయ్యండి."

"అక్కడ నా డబ్బాలున్నాయి మామయ్యగారూ."

"ఉన్నాయి. చూశాను. పప్పుల డబ్బాలకి పెరటి గాలి ఎందుకు?"

"నేను చెయ్యి చాపితే అందాలిగా. సగం గట్టు ఇస్తాను."

"సగంలో ఎన్ని కుండీలు పడతాయి?"

"పట్టినన్నే పెట్టండి."

"కొలిచి చూసుకున్నాను, సగం చాలదు. ముప్పాతిక."

కోడలు ఆయన మొహంలోకి చూసింది. బేరానికి కూర్చున్న మనిషి మొహం అది. ఊ కొట్టే మొహం కాదు.

"ముప్పాతికే తీసుకోండి," అంది, ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ. "నూనె డబ్బా వైపు మాత్రం రాకూడదు."

"రాను," అన్నారు మామగారు. "రేపు పొద్దున్నే అందరూ లేవాలి. కొమ్మ తీశాక ఆ బుడిపె మీద మట్టి వెయ్యం, గుడ్డ కట్టం. ఎవరైనా చూసి అడిగితే అతుకే అని చెప్పండి."