ఎడిల్మా పెట్టిన టంకం

...తప్పు గోడలదే అయ్యుండాలి, ఇంకెవరిదవుతుంది? నేలంతా పలకలు, కిటికీలకు తెరల్లేవు, సోఫా మీద ప్లాస్టిక్ తొడుగు. ఇలాంటి గదిలో చెంచా కింద పడినా చెవిలో గుచ్చుకుంటుంది. చెక్క మంచిది. జిగురు మంచిది. స్పీకరు డబ్బాల్లో దూది తన చేత్తోనే కూరాడు. భార్య ఎడిల్మా పోయిన ఈ ఎనిమిది నెలల్లో తను చేసిన వాటి మీద ఇది మూడో ఫిర్యాదు. మూడిళ్లలోనూ గోడలే పాడయ్యాయా? అయ్యుండొచ్చు, ఎందుకు కాకూడదు, అనుకున్నాడు అరిస్టిడెస్.

"ఏం మేస్త్రీ, కునుకు పట్టిందా?" అంది యడిరా, వంటింటి గుమ్మంలో నిలబడి. రెబోలో పేటలో సగం మంది ఆడవాళ్లకి గౌన్లు కుట్టిన మనిషి. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనక, ఆదివారాలు వీధి గుమ్మంలో ఊగుడుకుర్చీ వేసుకుని పాత బొలేరో పాటలు వినడమే ఆవిడ పని.

"వింటున్నానక్కా."

"విను, విను. అది పాడుతోందో, పళ్లు నూరుతోందో నువ్వే చెప్పు. నిన్న ఎదురింటి వాళ్లు కిటికీ మూసుకున్నారు. బర్రాంకిజాలో పాటకి కిటికీ మూసుకోవడం ఎక్కడైనా చూశావా?"

"నీ గోడల వల్ల."

"నా గోడలు ముప్పయ్యేళ్లుగా ఇవే. పడకగదిలో నువ్వు చేసిన పాత జత ఉంది, అదీ ఈ గోడల మధ్యే పాడింది, తేనెలా. దాని మూల పగిలిందని కదా కొత్తవి చేయించాను!"

గోడల సంగతి రుజువు చేద్దామనే అతను ధ్వనిని కొలిచే మైకు తెచ్చాడు. రెండేళ్ల కిందట ఎడిల్మా కొన్నది. అప్పుడు నవ్వాడు. ఈ చెవులుండగా ఆ బొమ్మెందుకే, అన్నాడు. ఆమె మైకు డబ్బా మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచింది.

మైకు నిలబెట్టి, కంప్యూటరు తెరిచి, మీట నొక్కాడు. స్పీకరులోంచి లోతైన గుర్రు మొదలైంది. అది మెల్లగా పైకెక్కి హుంకారమై, ఈలై, సన్నని తీగై, ఆగిపోయింది.

తెర మీద గీత మాత్రం ఆగలేదు. ముందుకు పాకుతూనే ఉంది, పైకి, ఇంకా పైకి, కొండ ఎక్కుతున్నట్టు.

"అబ్బా, ఆపు!" యడిరా రెండు చెవులూ మూసుకుంది. "ఆ కీచు ఆపు తమ్ముడూ!"

"ఏ కీచు?"

ఆవిడ అతనివంక చూసింది. గీత చివరికి చేరాకే ఆవిడ చేతులు దించింది.

అతను మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడే తనకు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆవిడ మొహం చిట్లడం చూశాడు.

పడకగదిలోకి వెళ్లి పాత జతలో ఒక డబ్బా మోసుకొచ్చి, వెనక పలక విప్పాడు. పన్నెండేళ్ల నాటి పని. లోపల తీగలన్నీ ఎడిల్మా అతికినవే. కందిబద్దల్లా గుండ్రంగా, మెరుస్తున్న టంకం చుక్కలు. పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటరు ముందు రెసిస్టరు రెండు ఓములది పెట్టాలని అతని పటంలో ఉంది. అక్కడ నాలుగు ఓములది ఉంది. ఓములు ఎంత పెరిగితే పై స్వరాల పదును అంత తగ్గుతుంది.

పోయిన నెల ఒక జత బాగుకు వచ్చింది, మూడేళ్ల కిందటిది. అందులో ఎనిమిది ఓములది కనిపించింది. పాపం, చివర్లో ఎడిల్మాకి చూపు తగ్గింది, రెసిస్టరు మీది రంగు గీతలు పోల్చుకోలేక ఏదో ఒకటి పెట్టేసింది అనుకుని, ఆ రాత్రి ఏడ్చాడు కూడా. ఏడ్చి, దాన్ని తీసేసి రెండు ఓములది పెట్టి పంపాడు.

దాని చూపుకేమీ కాలేదు.

నాలుగు, తర్వాత ఎనిమిది. మధ్యలో ఎన్ని మెట్లున్నాయో! ప్రతి జతకూ అతను చెవి ఆనించి, పై స్వరం చాలట్లేదు, పెంచమనేవాడు. అలాగే అనేది. టంకం ఆరాలి, వెళ్లి కాఫీ తాగిరా అనేది. వెళ్లేవాడు. అరిస్టిడెస్ చెవికి తిరుగులేదని కాఫీ కొట్టు దగ్గర జనం అంటుంటే నవ్వుకుంటూ తిరిగి వచ్చేవాడు. తిరిగి వచ్చేసరికి పలక బిగించి ఉండేది. ఆమె తలెత్తి చూసేది కాదు. ఆ తల వంచుకోవడాన్ని ఇన్నేళ్లూ భక్తి అనుకున్నాడు.

ఒక్కసారి చెప్పి ఉండొచ్చుగా. చెబితే తను ఏమనేవాడు? ఏమనేవాడో తెలుసు. అందుకే చెప్పలేదు.

"ఏమైంది, ఏముంది అందులో?" అంది యడిరా.

గోడల వల్ల, అనొచ్చు. తివాచీ వెయ్యమని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆవిడ వేస్తుంది కూడా. పేటలో అతని మాట ఇంకొన్నాళ్లు నిలుస్తుంది, డబ్బాలు ఒక్కొక్కటే వెనక్కొచ్చేదాకా.

సంచిలోంచి రెసిస్టర్ల పొట్లం తీశాడు. కొత్త డబ్బా విప్పి, టంకం కర్ర వేడెక్కేదాకా దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. మొదటిది అతికి, పాట పెట్టాడు. అతనికి ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"అక్కా," అన్నాడు, తల ఎత్తకుండా. "నాకు పైది వినపడట్లేదు. ఇంకా గుచ్చుకుంటోందా, నువ్వు చెప్పు."