పురిటిగది

ఆ ఏడు రేవులో వాసన పోయింది.

చేపల వాసన. ఎండలో ఆరే ఉప్పుచేపల వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునే వాసన, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఆకలి పుట్టించే వాసన.

పోయింది.

దండేలు ఖాళీ. తట్టలు ఖాళీ. తొట్టి నిండా ఉప్పు ఉంది — వేయడానికి చేప లేదు. కాకులు వచ్చాయి, చూశాయి, తిట్టుకుంటూ ఎగిరిపోయాయి.

ఆమెను అందరూ ఉప్పులమ్మ అనేవారు. చేప పొట్ట చీల్చి, కడిగి, ఉప్పు దట్టించి ఆరబెట్టడం ఆమె పని. అరచేతి గీతల్లో ఉప్పు. గోళ్ళ కింద ఉప్పు. "నువ్వు కలిపి పెడితే అన్నంలోకి ఉప్పు అక్కర్లేదే" అని భర్త నవ్వేవాడు.

ఆ నవ్వూ పోయింది.

సముద్రం మాత్రం ఉంది. నిండుగా, నీలంగా, ఏమీ ఎరగనట్టు.

కొండకొమ్ముకు అవతల, నీళ్ళ అడుగున ఒక రాతిగుట్ట ఉంది. గుట్ట చుట్టూ నాచు, పగడపు పొదలు. గుడ్లతో బరువెక్కిన చేపలన్నీ అక్కడికే చేరేవి. ఆమె నాన్న ఆ చోటును పురిటిగది అనేవాడు. అక్కడ వల వేసేవాడు కాదు, ఎవరినీ వేయనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి ఆమెనూ అన్ననూ పడవలో తీసుకెళ్ళి చూపించాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కింద వెండి మబ్బుల్లా చేపలు. ఇంకా చూడాలని ఆమె అంచు మీదికి వంగింది. ముందుకు తూలింది.

అన్న గౌను పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆ అన్నే, పెద్దయ్యాక, మరబోటు కొన్నాడు.

దాని వల పైపైన వేసే వల కాదు. నోటికి ఇనుప గొలుసు కట్టిన వల. అడుగంతా గీరుకుంటూ పోతుంది. నాచు పెళ్ళగిస్తుంది. రాయి పగలగొడుతుంది. పెద్ద చేప, చిన్న చేప, నిన్న పుట్టిన చేప — అన్నీ లోపలికే. పెద్దవి ఐసు పెట్టెల్లోకి. వేలెడంత పిల్లలు కోళ్ళ దాణాలోకి. పారలతో ఎత్తి పోసేవాళ్ళు వాటిని, కళ్ళతో సహా.

"అన్నా, పురిటిగదిలోకి కూడా పోయావా?" అని అడిగింది.

"నేను పోకపోతే ఇంకొకడు పోతాడు. సముద్రం ఎవడబ్బ సొమ్మే?"

"నాన్న వద్దన్నాడు కదా."

"నాన్న చచ్చేదాకా చిరుగు చొక్కాతోనే తిరిగాడు. అది కూడా గుర్తుంచుకో."

తర్వాత చేపలు తగ్గాయి. ఆ తర్వాత అసలు లేవు. తెడ్డు వేస్తే చాలు, వాకిట్లోనే దొరికినట్టు దొరికేవి — ఇప్పుడు ఒడ్డు కనుమరుగయ్యేదాకా పోవాలి. అరువు ఇంజను బిగించుకుని, చిన్న పడవ మీద, ఆమె భర్త పోయాడు. ఇంకా దూరం పోయాడు. ఇంకా… ఇంకా.

ఒకనాడు తిరిగి రాలేదు.

పడవ లేదు. మనిషి లేడు. గాలివాన వచ్చింది కదా, సముద్రం తీసుకుంది అన్నారు. అందరూ సముద్రాన్నే అన్నారు.

కొన్నాళ్ళకు గరిటె తాత వచ్చాడు. అన్న బోటులో వంటవాడు. మాట్లాడితే గరిటె ఊపుతూ మాట్లాడతాడని ఆ పేరు. ఆ రోజు చేతిలో గరిటె లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుముకు తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, బోటువాళ్ళం అందరం నోరు మూసుకున్నాం. మింగలేకపోతున్నా, కక్కలేకపోతున్నా. నీకు చెప్పాల్సిందే."

"చెప్పు తాతా."

"మీ ఆయన ఇంజను ఆగిపోయింది. మా బోటుకి కనపడేంత దూరమే. చొక్కా విప్పి ఊపాడమ్మా. తెల్ల చొక్కా. మేమంతా చూశాం. మీ అన్న కూడా చూశాడు. కానీ వల అడుగున ఉంది. నిండుతోంది. 'ఆగండ్రా, వల ఎత్తి పోదాం' అన్నాడు. సరే, ఎత్తాం. ఎత్తి చూసేసరికి… అలలేనమ్మా. ఇంకేం లేదు."

ఆమె ఏడవలేదు.

వల ఎత్తి పోదాం.

అంట్లు తోముతుంటే ఆ మాట. దీపం పెడుతుంటే ఆ మాట. నీళ్ళు తోడుతుంటే, ప్రతి బిందెలో, ఆ మాట.

వల ఎత్తి పోదాం… వల ఎత్తి పోదాం.

అత్తకు చెప్పింది. అత్త ఒక్కగానొక్క కొడుకును కన్న మనిషి. పళ్ళు లేవు గానీ నోరు కత్తి.  ఆ రోజు మాత్రం గోడ వైపు తిరిగి అంది —

"ఏం చేద్దామే?"

"వాడి వల కోద్దాం, అత్తా."

మావగారి పాత పడవ పెరట్లో బోర్లా పడి ఉంది. పగుళ్ళకు గుడ్డపీలికలు కుక్కి తారు పూశారు. మధ్యాహ్నం ఎండకు రేవంతా కన్ను మూస్తే, ఆడవాళ్ళిద్దరూ పడవను నీళ్ళలోకి నెట్టేవాళ్ళు. నిండా బరువు. విరిగిన లంగరు. తుప్పు పట్టిన ఇంజను. కూలిన గోడ సిమెంటు దిమ్మలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. ఇంట్లో బరువైందీ మొనదేలిందీ ఏదీ మిగల్లేదు.

"నా మంచం కూడా తీసుకోవే. ఎలాగూ నిద్ర పట్టట్లేదు" అంది అత్త.

ఇనుప మంచం కూడా పోయింది.

పురిటిగది చుట్టూ ఒక్కొక్కటే జారవిడిచేవాళ్ళు. అత్త ఒక్కోదానికీ ఒక్కో దీవెన పెట్టేది. "ఇది వాడి వలకి. ఇది వాడి గొలుసుకి. ఇది… వాడి నెత్తికి."

నీళ్ళు నోరు తెరిచేవి. మూసుకునేవి. అడుగున ఏదో పళ్ళు కూర్చుకుంటున్నట్టు ఉండేది ఆమెకు.

మొదటి వల చిరిగిన రోజు అన్న బోటు వట్టి చేతులతో వచ్చింది. రేవు గట్టు మీద పరిచిన వల — నడుమ నిలువునా చీలిక, చేప పొట్ట చీల్చినట్టు. ఆమె దాని పక్కనుంచే నడిచి ఇంటికొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆకలేసింది. రెండోసారి వడ్డించుకుంది.

రెండో వల చిరిగినప్పుడు అన్న ఇంటికొచ్చాడు. చేతిలో తడి ఇనుము. గుమ్మంలో పడేశాడు. నేల అదిరింది.

"ఇదేంటే?"

"అమ్మ కుట్టుమిషను కాలు."

"నా వలలో ఎందుకుంది?"

"నీ వల పురిటిగదిలో ఎందుకుంది?"

అన్న మొహం ఎర్రబడింది. "అమ్మ మిషను కదే! నా చొక్కాలన్నీ దీని మీదే కుట్టింది. నీకెలా చేతులొచ్చాయి?"

"మా ఆయనకీ కుట్టింది" అంది ఆమె. "తెల్లది."



అన్న చూపు నేల మీదికి పోయింది. మళ్ళీ ఆమె మీదికి వచ్చింది. ఎవరు చెప్పారని అడగలేదు. "చెల్లీ… వల అడుగున ఉంది అప్పుడు. కోసేస్తే…" అని ఆగిపోయాడు. కోసేస్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఒక వల పోయేది. ఒక మనిషి మిగిలేవాడు.

అది తట్టుకోలేకపోయాడు కాబోలు, గొంతు పెంచాడు. "నీ ఇనుమెంతో నా ఇంజనెంతో చూసుకుందాం. రేపూ పోతా. ఎల్లుండీ పోతా. అడుగు నున్నగా చేసి చూపిస్తా!"

"పో" అంది ఆమె. "పో అన్నా. పో."

అన్న పోయాడు.

తెల్లవారింది. ఆడవాళ్ళిద్దరూ పురిటిగదికి కొంచెం ఇవతల గాలం వేసుకుని కూర్చున్నారు. దొరుకుతుందని కాదు. చూడాలని.

బోటు వచ్చింది. వల దించింది. ఇంజను గుర్రుమంటూ సాగింది. సాగింది… సాగింది… ఆగింది.

వలను లాగే ఇనుప తీగ బిగుసుకుంది. గాలిలో సన్నగా పాడింది.

"కోసెయ్యండి! తీగ కోసెయ్యండి!" అని కుర్రాళ్ళెవరో అరిచారు. అన్న గొంతు అంతకంటే పెద్దగా వినిపించింది. "ముట్టుకున్నవాడి చెయ్యి నరుకుతా! లాగండి!" ఇంజను నల్లటి పొగ కక్కింది. బోటు వెనకభాగం నీళ్ళలోకి దిగింది. పక్కనుంచి ఒక పొంగు వచ్చింది. పెద్దదేం కాదు. రోజూ వచ్చేదే.

బోటు ఒరిగింది — నిద్రలో పక్కకు తిరిగే మనిషిలా, నిమ్మళంగా.

మళ్ళీ లేవలేదు.

కుర్రాళ్ళు దూకారు. నూనె డ్రమ్ములు పట్టుకుని ఒడ్డు వైపు ఈదారు. ఒక్క తల మాత్రం అక్కడే మిగిలింది. ఒక్క చెయ్యి పైకి లేచింది.

"చెల్లీ!"

"అమ్మాయ్, తెడ్డెయ్యి" అంది అత్త.

ఆమె కదలలేదు.

"అమ్మాయ్!"

"ఆగత్తా. గాలం లాగి పోదాం."

లాగింది. చేతి మీద చెయ్యి వేస్తూ. తొందర లేకుండా. తడి దారం ఒళ్ళో చుట్టలు చుట్టుకుంటోంది. ఇదీ, ఇదీ ఆమె ఇన్నాళ్ళూ కోరుకున్నది. తెల్ల చొక్కా ఊగినంతసేపు ఆ చెయ్యి ఊగాలి. చూస్తూ ఊరుకున్నవాణ్ణి ఇప్పుడు చూస్తూ ఊరుకోవాలి. ఒక్కో మూర లాగుతుంటే గుండెలో ఏదో చల్లబడుతోంది — తీపిగా, భయంకరంగా చల్లబడుతోంది.

"మనిషేనే అక్కడ!" అత్త లేచి నిలబడింది. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామె, ప్రతి దిమ్మకూ శాపం పెట్టిన ఆ నోటితో, ఇప్పుడు గొంతు చించుకుంటోంది. "చాల్లే! ఇక చాలించవే!" తెడ్డు లాక్కోబోయింది. బలం చాలక కూలబడింది.

గాలం పైకి వచ్చింది. ఏమీ లేదు దానికి.

అప్పుడు తెడ్డు వేసింది.

దగ్గరవుతుంటే ఒక్కటే అనుమానం. అన్న చేపలా ఈదుతాడు. వాడెందుకు కుర్రాళ్ళతో పోలేదు? ఒక్క చెయ్యే ఎందుకు ఊపాడు? రెండో చెయ్యి నీళ్ళలో వంగి ఉంది, దేన్నో పొదివి పట్టుకున్నట్టు.

పడవ తగిలింది. అన్న ఆ రెండో చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు.

"తాత" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"గరిటె తాతే. ఈత రాదు కదా ఆయనకి. నా చేతిలోనే ఉన్నాడు… ఇప్పటిదాకా ఉన్నాడే."

ఆమె దూకింది. చీరతో దూకింది. అడుగంతా రేగిన బురద. కళ్ళు తెరిస్తే మట్టి, చేతులు చాస్తే మట్టి. మునిగింది, తేలింది, మునిగింది. చివరికి అన్నే జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

మర్నాడు సముద్రమే తాతను ఒడ్డుకు తెచ్చి పెట్టింది.

తాత భార్య ఆమెను వాటేసుకుని ఏడ్చింది. "నీళ్ళలోకి దూకావట కదా తల్లీ, మా ఆయన కోసం. సొంతవాళ్ళైనా దూకుతారా!" ఆమె చేతులు రెండూ కొయ్యల్లా వేలాడాయి. ఆమె గాలం లాగుతూ కూచోవడం చూసిన అన్న అక్కడే ఉన్నాడు. చూశాడు. చెప్పలేదు. ఆమె కూడా అతని సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరి గొంతు మీద ఒకరి కాలు. ఎవరూ నొక్కరు. ఎవరూ తీయరు.

మరబోట్లు ఇక అటు పోవడం మానేశాయి. వల పోగొట్టుకోవడానికి ఎవరికీ సరదా లేదు. మునిగిన బోటు అక్కడే పడి ఉంది. దాని మీద నాచు పట్టింది. నాచులోకి రొయ్యపిల్లలు వచ్చాయి. వాటి వెనక వేలెడంత చేపలు. వాటి వెనక మూరెడంతవి. బోటు వంటగది కిటికీలోంచి గుంపులుగా లోపలికి పోతాయి, గుంపులుగా బయటికి వస్తాయి — భోజనానికి పిలిచినట్టు.

ఆమె ఒకసారి తొంగి చూసింది. మళ్ళీ చూడలేదు.

బోటు పోయాక అన్నను ఎవరూ పనిలోకి పిలవలేదు. అత్తే పిలిచింది.

"రా. నా కొడుకు కూచునే చోటు ఖాళీగా ఉంది. కూచో. గాలం వెయ్యి. నేను బతికున్నంతకాలం నాకు కూడు పెట్టు."

అది జాలో శిక్షో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పటినుంచి పడవకు ఈ కొస ఆమె, ఆ కొస అన్న. మాటల్లేవు. తెడ్డు చప్పుడు, దారం చప్పుడు. ఆమె లోపల కోపం చల్లారిందా అంటే — లేదు. కానీ అదిప్పుడు ఎటు తిరిగి ఉందో ఆమెకే తెలియడం లేదు. అన్న వైపు చూస్తే అటు మండుతుంది. తన చేతుల వైపు చూసుకుంటే ఇటు మండుతుంది.

ఒక పొద్దున్న అన్న గాలం బరువెక్కింది. నెమ్మదిగా లాగాడు. పెద్ద చేప. పొట్ట ఉబ్బి, బిగుసుకుని, నిండా గుడ్లు. తోక ఒకసారి పడవ చెక్కల మీద కొట్టుకుంది. అన్న రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. గాలం ముల్లు తీశాడు.

ఆమె వైపు తిరిగాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి నోరు విప్పాడు.

"వదిలెయ్యనా?"

ఆమె చూస్తూనే ఉంది.

చేప మొప్పలు తెరుచుకుంటున్నాయి… మూసుకుంటున్నాయి. తెరుచుకుంటున్నాయి…

"చెప్పు చెల్లీ. వదిలెయ్యనా?"