నిమిషానికి ఎన్ని ఊపిర్లు

"మరి పాతది ఏం చేయాలి సిస్టర్?"

మంచం పక్కన నిలబడ్డ కూతురు మామూలుగానే అడిగింది. తల్లికి నొప్పి తగ్గడానికి ఒంటి మీద అంటించే మందు పట్టీ ఎలా పెట్టాలో ఆమెకు నేర్పుతున్న నర్సు చేతులు మాత్రం గాల్లోనే ఆగిపోయాయి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఈ పాఠం ఇంతకుముందు ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరికి, పాతది తీసేయాలని చెప్పిందా?

చెప్పలేదు.

వార్డులో ఒక పద్ధతి ఉంది. మూడు రోజులకోసారి పట్టీ మార్చే వేళకు, డ్యూటీ దిగే నర్సు పాతది పీకి, మడిచి, సాక్షి సంతకంతో డబ్బాలో వేసి వెళుతుంది. డ్యూటీ ఎక్కే నర్సు శుభ్రమైన చోట కొత్తది అంటిస్తుంది. ఈమెది ఎప్పుడూ ఎక్కే వంతే. పాత పట్టీని ఒక్కసారి కూడా తన చేత్తో తీసి ఎరగదు. చేతికి తెలియనిది నోటికీ రాలేదు.

"ఒక్క నిమిషమమ్మా," అని వెళ్ళి రిజిస్టరు తిరగేసింది. తొమ్మిది రోజుల కిందట ఇంటికి పంపారు. సెకన్ల తాత భార్య. పాఠం విన్నది ఆ తాతే.

గడియారాలు బాగుచేసే తాతకు ఆ పేరు పెట్టింది వార్డే. ఎనిమిదింటి మాత్ర ఒక్క నిమిషం ఆలస్యమైతే చాలు, నర్సుల గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఇప్పుడు ఆమెను భయపెట్టింది సరిగ్గా ఆ గుణమే. ఇంటికెళ్ళిన రోజు వార్డులోనే ఒకటి పెట్టారు. మూడో రోజు ఇంకొకటి. ఆరో రోజు మరొకటి. ఇవాళ తొమ్మిదో రోజు.

పెద్ద సిస్టరు దగ్గరికి పరుగెత్తి జరిగింది చెప్పేసింది. తిడుతుందనుకుంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "ఏడుపు తర్వాత. ముందు ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు," అంది.

ఫోను మోగుతోంది. మూడు, నాలుగు, అయిదు. ఎత్తరేం? ఆరోసారికి తాత ఎత్తి, ఆమె గొంతు గుర్తుపట్టాడు.

"సిస్టరమ్మా! నూరేళ్ళు నీకు. ఇప్పుడే తలుచుకున్నా. నీ పట్టీ మహిమేనమ్మా, నిన్నట్నుంచి ఎంత హాయిగా పడుకుందో! పొద్దున టీకి లేపినా లేవలేదు. ఇలాంటి నిద్ర పట్టి ఏడాదైంది దానికి."

"తాతగారూ, ఒంటి మీద ఎన్ని పట్టీలున్నాయి?"

"మూడు. నాలుగోది చేతిలోనే ఉంది. పదింటికి పెట్టాలి, ఇంకా నాలుగు నిమిషాలుంది."

"వద్దు! పెట్టకండి!"

"అదేంటి? నువ్వు చెప్పినట్టే చేస్తున్నానమ్మా."

"తప్పు నాది తాతగారూ, మీది కాదు. మందు ఎక్కువైపోయింది. ఆ మూడూ పీకేయండి. చన్నీళ్ళ గుడ్డతో ఆ చోట తుడిచేయండి. త్వరగా."

వెనక పెద్ద సిస్టరు రెండో ఫోనులో అంబులెన్సుకు అడ్రసు చెబుతోంది. తాత ఇంట్లోంచి గడియారాల చప్పుడు వినిపిస్తోంది. ఎన్నున్నాయో, దేని దారి దానిదే.

"తీసేశా." గొంతు మారిపోయింది. ఆయనకు అర్థమైంది.

"చేతి గడియారం పెట్టుకున్నారా?"

"నన్నా అడుగుతున్నావు?"

"ఆవిడ ఛాతీ చూడండి. ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టి చెప్పండి."

ఆ నిమిషం ఎంతకీ గడవలేదు. బల్ల మీద ఎవరో సగం తాగి వదిలేసిన నీళ్ళ గ్లాసు. దాన్నే చూస్తూ నిలబడింది. భుజం మీద పెద్ద సిస్టరు చెయ్యి ఎప్పుడు పడిందో తెలియదు.

"ఆరు," అన్నాడు తాత.

పన్నెండన్నా ఉండాలి.

"లేపండి. నిద్రపోనివ్వకండి. భుజం పట్టి కుదపండి, గట్టిగా పిలవండి."

"ఏమేవ్! లేవ్వే... ఏమేవ్!"

ఆవిడకు కాస్త కన్నంటుకోవాలని ఏడాదిగా పిల్లిలా నడిచిన మనిషి, ఇంట్లో గంటకొట్టే గడియారాలన్నింటి నోరు నొక్కేసిన మనిషి, ఇప్పుడు గొంతు చించుకుంటున్నాడు.

"లేవడం లేదు. ఉండమ్మా," అన్నాడు. అడుగులు దూరమయ్యాయి. టిక్కుటిక్కుల మధ్య కీలు తిప్పుతున్న చప్పుడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక్కసారిగా ఫోను బద్దలయ్యేలా అలారాలు మోగాయి. ఒకటి కాదు, పదో పదిహేనో, ఒకదాని మీద ఒకటి.

ఆ గోలలోంచి సన్నగా, ముద్దముద్దగా ఒక గొంతు. "నీ గడియారాలు తగలెయ్య... కాసేపు పడుకోనివ్వవూ?"

"తిడుతోందమ్మా! తిడుతోంది!" తాత ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "గట్టిగా ఊపిరి పీల్చి తిట్టవే!"

నర్సు మళ్ళీ లెక్కపెట్టించింది. ఎనిమిది. మళ్ళీ. ఏడు. మళ్ళీ పిలవమంది. తలుపు దబదబా బాదిన చప్పుడు, కొత్త గొంతులు, మంచం జరిపిన చప్పుడు. ఫోను పెట్టేయడం ఎవరికీ గుర్తు రాలేదు. ఇటువైపు ఆమె అలాగే వింటూ నిలబడింది. ఖాళీ ఇంట్లో అలారాలు ఒక్కొక్కటే కీ అయిపోయి ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి ఎమర్జెన్సీ నుంచి కబురొచ్చింది. విరుగుడు ఇంజెక్షన్ పనిచేసింది. రేపటిదాకా కనిపెట్టి చూస్తారట. జరిగిన తప్పు మీద రిపోర్టును ఆమె తన చేత్తోనే రాసింది. పెద్ద సిస్టరు చదివి సంతకం పెట్టింది.

"'అర్థమైందా' అని అడిగితే గోడ కూడా తలూపుతుందే పిల్లా. చెప్పింది వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి. ఆ మాట నీకు చెప్పి, నీ నోటితో నేనూ చెప్పించుకోలేదు. రేపట్నుంచి తీసేదీ పెట్టేదీ ఒక్కరే," అంది.

ఎమర్జెన్సీ బయట బెంచీ మీద తాత ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె క్షమాపణ అడగడానికి వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆయనే జరిగి చోటిచ్చాడు.

"గడియారానికి పాత ముల్లు తీయకుండా కొత్తది ఎప్పుడన్నా వేశానా? చెయ్యి అడుగుతూనే ఉందమ్మా. మందుల సంగతి నాకేం తెలుసులే అని నోరు మూసుకున్నా." నీళ్ళ సీసా ఆమె చేతికిచ్చాడు. "మంచినీళ్ళు తాగు."

తాగింది. పైకి వార్డుకు వెళ్ళింది. పొద్దున పాఠం సగంలో ఆగిపోయిన కూతురు ఇంకా మంచం పక్కనే ఉంది. నర్సు పాఠం మొదట్నుంచీ చెప్పింది.

"ఇప్పుడు నాకేమీ తెలియదనుకోండి. మీరు నేర్పండి."

కూతురు సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. చేతులు కడుక్కోవాలి. తేదీ చూసుకోవాలి. తర్వాత... తర్వాతేంటి? పైకప్పు కేసి చూసింది.

నర్సు అందించలేదు. ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ఆఁ," అంది కూతురు, "ముందు పాతది తీసేయాలి."